కోటి చెక్కు, నూట పదహార్ల పేచీ

ఫలానా ఆయనకు అవార్డు వచ్చిందని చెప్పి చూడండి. ఇప్పుడు జనం అడిగే మొదటి ప్రశ్న ‘ఎంత?’ రెండోది ‘ఎవరోళ్లు?’ అంటే ఏ కులం, ఏ జిల్లా, ఏ పార్టీ అని. మూడో ప్రశ్న ఉండదు. ఆ మనిషి ఏం రాశాడు, ఏం పాడాడు, ఏం చెక్కాడు అన్నది ఎవరికీ అక్కర్లేదు. అక్కర్లేదు గానీ లొల్లికి మాత్రం కొదవ లేదు. ఇచ్చినా లొల్లే, ఇవ్వకపోయినా లొల్లే.

మా రోజుల్లో లొల్లి లేదని కాదు. దండిగా ఉండేది. కాకపోతే దానికొక పద్ధతి ఉండేది.

మా రోజుల్లో కవికైనా గాయకుడికైనా సత్కారమంటే నూట పదహార్లు. తాంబూలంలో పెట్టి చేతికిచ్చేవాళ్లు. ఇంకొంచెం ఉన్నవాళ్లయితే వేయి నూట పదహార్లు, పైన ఒక శాలువా. ఆ పదహారు ఎక్కడిదని అడిగితే మా నాన్న ఒక లెక్క చెప్పేవాడు. నిజాం రోజుల్లో ట్యాంక్‌బండ్‌కు అటు హాలీ సిక్కా చెల్లేది, ఇటు మా కంటోన్మెంటులో, రైల్వేలో ఇంగ్లీషువాళ్ల కల్దారు చెల్లేది. వంద కల్దార్లు మారిస్తే నూట పదహారు హాలీ రూపాయలు, పైన కొన్ని అణాలు వచ్చేవి. కాబట్టి నూట పదహార్లంటే దాదాపు వంద కల్దార్లు ఇచ్చినట్టు. పదహారు పుట్టింది అక్కడేనా అని పండితులు ఇప్పటికీ వాదించుకుంటారు గానీ, సికింద్రాబాద్‌లో పుట్టినవాడికి ఆ కథ నమ్మబుద్ధవుతుంది. ప్రభుత్వం కూడా ఆ పదహారును వదల్లేదు. దాశరథి పేరిట, కాళోజీ పేరిట ఏటా ఇచ్చే పురస్కారం 1,01,116 రూపాయలు.

నేను రైల్వేలో చేరిన కొత్తలో నాటిక పోటీలంటే ప్రాణం పెట్టేవాళ్లం. రైల్వే ఇన్‌స్టిట్యూట్ హాల్లో ముందు వరసలో ముగ్గురు న్యాయనిర్ణేతలు కాగితం, పెన్సిలు పట్టుకుని కూర్చునేవాళ్లు. ఫలితం చెప్పి మెట్లు దిగేలోపే చుట్టుముట్టేవాళ్లం. ‘ఏమండీ, రెండో రంగంలో ఆయన వెనక్కి తిరిగి మాట్లాడితే ఆఖరి వరసకు ఒక్క మాట వినపడలే. ఉత్తమ నటుడు ఎట్లయిండు?’ వాళ్లూ తప్పించుకుని పోయేవాళ్లు కాదు. అక్కడే కాగితం విప్పేవాళ్లు. వాచికానికి ఇన్ని, ఆంగికానికి ఇన్ని, ఆహార్యానికి ఇన్ని. మేం ఒప్పుకోకపోతే వాదన స్టేషన్ ఎదుట ఆల్ఫా హోటల్లోకి నడిచేది, చాయ్‌లు చల్లారేవి. అంతా అయ్యాక చూస్తే గెలిచినవాడికి దక్కింది ఒక కప్పు. వెండిదనేవాళ్లు. ఏడాది తిరగకుండానే నల్లబడేది.

చిన్న కప్పు సంగతి వదిలేయండి. పెద్ద బహుమతి చూద్దాం. 1970 సంవత్సరానికి జ్ఞానపీఠం విశ్వనాథ సత్యనారాయణ గారికి వచ్చింది, శ్రీమద్రామాయణ కల్పవృక్షానికి. తెలుగుకు అదే మొదటిది. లక్ష రూపాయలు! నెలకు మూడొందలు ఇంటికి తెచ్చేవాడిని ఘనుడనుకునే రోజులవి. అదే ఏడాది జులైలో శ్రీశ్రీ అధ్యక్షుడిగా విప్లవ రచయితల సంఘం, అదే విరసం, పుట్టింది. ఇక చూడండి, మా ఆఫీసు రెండు ముక్కలైంది. శ్రీశ్రీకి రావాల్సింది విశ్వనాథకు ఇచ్చారని ఒక జట్టు. ఆరు కాండలు రాసిన చెయ్యి ఇంకొకటి చూపించమని ఇంకో జట్టు. ఆ రెండు జట్లలోనూ పుస్తకం చదవకుండా నోరు విప్పినవాడిని నిలబెట్టి కడిగేసేవాళ్లు. ‘ఏ కాండలో? ఏ ఘట్టంలో?’ అని అడిగితే చెప్పగలగాలి. నాలాంటివాడు సిటీ సెంట్రల్ లైబ్రరీకి పోయి చదువుకొచ్చి మరీ తిట్టేవాడు. ఆ తర్వాత కొన్నేళ్లకు రంగనాయకమ్మ గారు ‘రామాయణ విషవృక్షం’ రాశారు. పేరులోనే సవాలు ఉంది. మూడు సంపుటాలు. ఒప్పుకోనంటే మూడు సంపుటాలు రాసి ఒప్పుకోనన్న మనిషి ఆమె. ఇప్పటివాళ్లు బొటనవేలితో రెండు ముక్కలు కొట్టి పంపిస్తారు, అందులో ఒకటి బూతు.

శ్రీశ్రీకి జ్ఞానపీఠం చివరిదాకా రాలేదు. తర్వాత 1988 సంవత్సరానికి సినారెకు ‘విశ్వంభర’కు వచ్చింది. 2012 సంవత్సరానికి రావూరి భరద్వాజకు ‘పాకుడురాళ్లు’కు వచ్చింది. హైస్కూలు చదువు కూడా పూర్తి చేయని మనిషి, ఎనభై అయిదేళ్లు దాటాక అందింది. 2013 ఏప్రిల్‌లో ప్రకటించారు, అక్టోబరులో ఆయన పోయాడు. ఆలస్యానికి కారణమేమిటని అడిగేవాడే లేడు.

ప్రభుత్వం ఇచ్చే గౌరవం ఎంత గట్టిదో దాశరథి గారిని చూసి తెలుసుకున్నాం. 1977లో ఆంధ్రప్రదేశ్ ఆస్థానకవి అన్నారు. 1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం వచ్చి ఆస్థానమూ లేదు, ఆస్థానకవీ లేడు అంది. నిజాం జైల్లో పెడితే గోడ మీద బొగ్గుతో పద్యం రాసిన మనిషికి పదవి పోతే పోయేదేముంది గానీ, పద్ధతి చూడండి. మొన్న ఇచ్చింది నిన్న తీసేసి ఈరోజు ఆయన పేరుతోనే లక్షా చిల్లర ఇంకొకరికి ఇస్తున్నాం.

సినిమా వాళ్ల సంగతికొస్తే నంది 1964లో మొదలైంది. లేపాక్షి బసవన్న బొమ్మ. మా ఇంటి దగ్గర సినిమా పిచ్చి ఉన్న ప్రతివాడికీ ఏ ఏడు బంగారు నంది ఎవరికొచ్చిందో నోటికి వచ్చేది. ఆ నంది చివరికి ఏమైంది? 2017 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2014, 2015, 2016, మూడేళ్ల నందులను ఒకే రోజు ప్రకటించింది. 2014కు ఉత్తమ చిత్రం ‘లెజెండ్’. ‘రుద్రమదేవి’ తీసిన గుణశేఖర్ బహిరంగంగానే ప్రశ్నలు వేశాడు. ఇంకా కొందరు గొంతు కలిపారు. దానికి అక్కడి మంత్రి ఒకరు ఇచ్చిన జవాబేమిటంటే, ఆంధ్రలో ఓటరు కార్డు, ఆధార్ లేనివాళ్లు హైదరాబాద్‌లో కూర్చుని విమర్శిస్తున్నారని! సినిమా ఎందుకు బాగుందో చెప్పమంటే ఆధార్ కార్డు చూపించమన్నారన్నమాట. రైల్వే ఇన్‌స్టిట్యూట్‌లో మా న్యాయనిర్ణేతలు నయం, మార్కుల కాగితమైనా చూపించేవాళ్లు. ఆ మూడేళ్ల నందులకు ప్రదానోత్సవం జరగనే లేదు.

ఇటు తెలంగాణలో నంది పోయి గద్దర్ వచ్చాడు. గద్దర్ మా వైపు మనిషి. అల్వాల్ వెంకటాపురంలో ఇల్లు. కెనరా బ్యాంకులో ఉద్యోగం వదిలి గొంగడి భుజాన వేసుకున్నవాడు. 1997 ఏప్రిల్‌లో ఆ ఇంటి దగ్గరే తూటాలు తిని, ఒకటి వెన్నులోనే ఉంచుకుని ఇరవై ఆరేళ్లు పాడాడు. 1995 నాటి ‘ఒరేయ్ రిక్షా’లో పాటకు నంది ఇస్తే వద్దన్నాడు. సరిగ్గా ఆయన పేరే, 2024 జనవరి 31న ఆయన జయంతి నాడు రవీంద్రభారతిలో, నంది స్థానంలో పెడుతున్నామన్నారు. అవార్డు వద్దన్నవాడి పేరునే అవార్డు చేయడం మన ఏలికలకే చెల్లింది. ఆయన ఉండి ఉంటే దీని మీద ఒక పాట కట్టి డప్పుతో ఆడేవాడని నా నమ్మకం.

ఏడాది తిరిగేసరికి ఇంకో తమాషా. 2025 పద్మ పురస్కారాలకు రాష్ట్రం అయిదు పేర్లు పంపింది. గద్దర్, చుక్కా రామయ్య, అందెశ్రీ, గోరటి వెంకన్న, జయధీర్ తిరుమలరావు. ఒక్కటీ రాలేదు. దాని మీద ఢిల్లీకీ హైదరాబాద్‌కూ మాటల యుద్ధం కొన్నాళ్లు. ఇవ్వాల్సిందేనని ఒకరు, ఇచ్చేదే లేదని ఒకరు. ఆ యుద్ధంలో గద్దర్ పాట గురించి ఒక్క ముక్క ఎవరన్నా మాట్లాడారేమోనని టీవీ ముందు చెవులు రిక్కించి కూర్చున్నాను. తుపాకీ గురించి మాట్లాడారు, పార్టీల గురించి మాట్లాడారు, ఓట్ల గురించి మాట్లాడారు.

గద్దర్ పేరిట సినిమా అవార్డులు 2025 జూన్‌లో హైటెక్స్‌లో ఇచ్చారు. 2014 నుంచి 2023 దాకా పదేళ్ల ఉత్తమ చిత్రాలు కూడా ఒకే సభలో పంచేశారు, మాకు పే కమిషన్ ఏరియర్స్ ఒక్క చెక్కులో పడ్డట్టు. ఏరియర్స్ వచ్చినప్పుడు ఏ నెలది ఎంతో ఎవడు చూస్తాడు? మొత్తం చూసి సంతకం పెడతాడు. 2014లో ఏ సినిమా ఎందుకు గొప్పదని వాదించే వేడి పదకొండేళ్ల తర్వాత ఎక్కడ మిగిలి ఉంటుంది!

అందులోనే కాంతారావు పేరిట ఒక అవార్డు పెట్టారు. విజయ్ దేవరకొండకు ఇచ్చారు. ఆ కుర్రాడి మీద నాకు పేచీ లేదు, బాగానే చేస్తాడు. నా కడుపుమంట వేరే. కోదాడ దగ్గర నుంచి వచ్చిన కత్తి కాంతారావు జానపద సినిమాల్లో మా తరాన్ని ఊపేశాడు. సొంతంగా సినిమాలు తీసి ఉన్నదంతా పోగొట్టుకున్నాడు. చివరి రోజులు నల్లకుంటలో కష్టంగా గడిపి 2009 మార్చిలో పోయాడు. వేషాల కోసం ఎదురు చూస్తున్న ఆ మనిషిని అప్పుడు ఎంతమంది పట్టించుకున్నారు? ఇప్పుడు ఆయన పేరు మీద నిండుకుండకు ఇంకో చెంబు నీళ్లు పోస్తున్నాం.

ఇక కోటి రూపాయల తొమ్మిది మంది. 2024 డిసెంబరులో సచివాలయంలో తెలంగాణ తల్లి విగ్రహం పెట్టిన రోజు పేర్లు చదివారు. గూడ అంజయ్య, గద్దర్, బండి యాదగిరి, అందెశ్రీ, గోరటి వెంకన్న, సుద్దాల అశోక్ తేజ, జయరాజ్, పాశం యాదగిరి, ఎక్కా యాదగిరిరావు. తలా కోటి, మూడొందల గజాల జాగా. చెక్కులు 2025 జూన్ 2న మా పరేడ్ గ్రౌండ్స్‌లోనే ఇచ్చారు. కోటి అనగానే మేం కూర్చునే పార్కులో బెంచీలన్నీ భగ్గుమన్నాయి. ప్రజల పైసలు పాటగాళ్లకా అని ఒకాయన. ఫలానా ఆయన్ను ఎందుకు వదిలేశారని ఒకాయన. మా జిల్లాకు అన్యాయమని ఇంకొకాయన.

ఇక్కడ మాత్రం నేను సర్కారు పక్షమే, రాసుకోండి. ఎందుకంటే ఈ తొమ్మిదిలో పని కళ్ల ముందు కనబడుతుంది. ఎక్కా యాదగిరిరావు గన్‌పార్కులో అమరవీరుల స్తూపం చెక్కిన శిల్పి. 1969లో పిల్లలు కాల్పుల్లో పోతే, 1970లో దానికి పునాది రాయి వేశారు. అసెంబ్లీ ఎదురుగా నిలబడి ఎంతమంది ముఖ్యమంత్రులు దానికి పూలు పెట్టి ఉద్యమం పేరు చెప్పుకోలేదు? చెక్కినవాడి పేరు వాళ్లలో ఎంతమందికి తెలుసో నాకు అనుమానమే. బండి యాదగిరి నిజాం మీద పోరాటంలో బండెనక బండి పాట కట్టి ఆ పోరాటంలోనే ప్రాణం వదిలినవాడు. బి. నర్సింగరావు గారి ‘మా భూమి’ సినిమాలో గద్దర్ తెరమీద ఆ పాట పాడాక ఊరూరా పాకింది గానీ, కట్టింది గద్దరేనని చాలామంది అనుకున్నారు. డెబ్బై ఏళ్లు దాటాక యాదగిరి కుటుంబం చేతికి ఆ చెక్కు వెళ్లింది. ఈ ఒక్క పేరు కోసం మిగతా పొరపాట్లన్నీ నేను క్షమిస్తాను.

అందెశ్రీ అయితే మా లాలాగూడ మనిషి. బడి మొహం చూడలేదు, పశువులు కాశాడు, తాపీ పని చేశాడు. ‘జయ జయహే తెలంగాణ’ ఉద్యమంలో ప్రతి సభలో మొదట పాడేవాళ్లు. రాష్ట్రం వచ్చాక పదేళ్లు పక్కన పెట్టి, 2024లో రాష్ట్రగీతం చేశారు. అప్పుడైనా సంతోషించామా? కీరవాణి బాణీ కట్టడమేమిటి, తెలంగాణలో సంగీతకారులు లేరా అని మళ్లీ పంచాయితీ. 2025 నవంబరు 10 పొద్దున ఇంట్లో కుప్పకూలితే గాంధీ ఆస్పత్రికి తీసుకుపోయారు, అప్పటికే అయిపోయింది. కోటి చెక్కు అందుకుని ఆరు నెలలు కూడా కాలేదు.

అంతకు నాలుగు నెలల ముందు, బోనాలప్పుడు, రాహుల్ సిప్లిగంజ్‌కు కోటి ప్రకటించారు. ‘నాటు నాటు’ పాడినందుకు. ఆస్కార్‌తో పైసా నగదు రాదన్న సంగతి చాలామందికి తెలియదు, బొమ్మ ఒక్కటే ఇస్తారు. అది కూడా పాట రాసిన చంద్రబోస్‌కు, కట్టిన కీరవాణికి. పాడింది ఇద్దరు, రాహుల్, కాలభైరవ. కోటి మాట వచ్చినప్పుడు వినపడింది ఒక్క పేరు. పాతబస్తీ పిల్లాడు ఆస్కార్ వేదిక మీద పాడాడంటే నాకూ గర్వమే, మా వీధి కుర్రాళ్లతో కలిసి చప్పట్లు కొట్టాను. కానీ ఏ కొలతతో కోటి? స్తూపం చెక్కినవాడికీ కోటే, ఒక్క పాట పాడినవాడికీ కోటే అంటే కొలత అన్నది లేనట్టే కదా.

ఇట్లా గొణుగుతుంటే మా మనవరాలు ఒకరోజు పట్టేసుకుంది. ‘తాతా, ఎప్పుడూ మీ రోజుల్లో మీ రోజుల్లో అంటవు. మీ రోజుల్లో చిందు ఆడేటోళ్లను స్టేజీ మీదికి పిలిచి కుర్చీ అన్న వేసిండ్రా? కిన్నెర వాయించేటాయన ఎవరో మీ ఆఫీసులో ఒక్కరికన్న తెలుసా?’ నిజం చెప్పాలంటే చురుక్కుమంది. మా నూట పదహార్లు ఎవరి తాంబూలంలోకి పోయేవో తలుచుకుంటే పెద్దింటి ఇంటిపేర్లే గుర్తుకొస్తున్నాయి. చిందు యక్షగానం ఆడే గడ్డం సమ్మయ్యకు, బుర్రవీణ వాయించే దాసరి కొండప్పకు పద్మశ్రీ వచ్చింది 2024లో. ఆ ఫిబ్రవరిలో శిల్పకళావేదికలో రాష్ట్ర ప్రభుత్వం పద్మశ్రీలకు తలా 25 లక్షలు, నెలకు 25,000 పింఛను ప్రకటించింది. ఆ నెలనెలా వచ్చేది నాకు నచ్చింది. పింఛను విలువ పింఛనుదారుడికే తెలుస్తుంది.

కిన్నెర మొగులయ్య సంగతి చూడండి. పన్నెండు మెట్ల కిన్నెర వాయించే ఆయనకు 2022లో పద్మశ్రీ వచ్చింది. కేసీఆర్ గారు కోటి రూపాయలు, ఇంటి జాగా అన్నారు. 2024 ఎండాకాలంలో అదే మొగులయ్య తుర్కయంజాల్ దగ్గర కూలిపని చేస్తూ వీడియోలో కనబడ్డాడు. వచ్చిన డబ్బు పెళ్లిళ్లకూ ఇంటికీ పోయిందని, నెలకు వచ్చే పదివేలు ఆగిపోయాయని ఆయనే చెప్పుకున్నాడు. వెంటనే మన జనం రెండు జట్లు. కోటి తగలేశాడని ఒకరు, మోసం చేశారని ఒకరు. అప్పులు, పెళ్లిళ్లు, సగం కట్టిన ఇల్లు ఉన్న ఇంట్లోకి కోటి వస్తే ఎన్నాళ్లు నిలుస్తుంది? తిట్టినవాళ్లలో ఎవడికీ ఇంటిఖర్చు లెక్క రాసే అలవాటు లేదనుకుంటా. కళాకారుడికి ఒకేసారి కోటి ఇవ్వడం ఇచ్చేవాడికి సుఖం. ఫొటో ఒక్కసారి దిగితే చాలు. నెలనెలా ఇస్తే నెలనెలా ఫొటో ఎవరు వేస్తారు?

డబ్బు దండగ అనేవాళ్లకు కారా మాస్టారి పేరు చెప్తాను. కాళీపట్నం రామారావు గారు ‘యజ్ఞంతో తొమ్మిది’కి 1995లో సాహిత్య అకాడమీ అవార్డు తీసుకున్నారు. అవార్డులుగా వచ్చిన సొమ్ము శ్రీకాకుళంలో కథానిలయానికి పెట్టారు. 1997లో తలుపులు తీశారు. తెలుగు కథ ఎవరు రాసినా ఒక ప్రతి అక్కడ దొరకాలన్నది ఆయన పట్టుదల. పార్కులో నాతో కూర్చునే హెడ్మాస్టరు గారు ఇది విని, ‘అందరూ కారా మాస్టారులు అవుతారా? కూడు లేనివాడు లైబ్రరీ కడతాడా?’ అన్నారు. ఆయన చెప్పిందీ న్యాయమే.

సరే, ఇన్ని గొణిగావు కదా, నువ్వేం చేయమంటావని అడుగుతారు. నేను అడిగేది ఒక్కటే. కోటి ఇవ్వండి, పది కోట్లు ఇవ్వండి, ఎందుకు ఇచ్చారో ఒక కాగితం మీద తెలుగులో రాసి, కమిటీలో కూర్చున్నవాళ్లంతా కింద సంతకాలు పెట్టి పేపర్లో వేయండి. ఇంకెవరి పేర్లు చూశారు, వాళ్లను ఎందుకు పక్కన పెట్టారు, అదీ రాయండి. అప్పుడు మేం కులం మీదా జిల్లా మీదా కాకుండా ఆ కాగితం మీద కొట్టుకుంటాం.

ఆ తొమ్మిది పేర్ల కాగితం ఉంటే నేను అడిగే మొదటి ప్రశ్న నా దగ్గర తయారుగా ఉంది. తొమ్మిదిలో ఒక్క ఆడపేరు లేదేం? ఉద్యమంలో ఆడవాళ్లు పాడలేదా? భువనగిరి బెల్లి లలిత ఉంది. స్పిన్నింగ్ మిల్లులో కూలి చేసుకుంటూ తెలంగాణ పాట పాడింది. 1999 మేలో ఆమెను ఎంత ఘోరంగా చంపారో మా వయసువాళ్లు మరిచిపోలేదు. చనిపోయినవాళ్లకు ఎట్లా ఇస్తామంటారా? బండి యాదగిరి, గూడ అంజయ్య, గద్దర్, ముగ్గురూ చనిపోయినవాళ్లే, కుటుంబాలకు ఇచ్చారు. పదో పేరు ఆమెదేనని పార్కులో అంటే హెడ్మాస్టరు గారు తల ఊపి, ‘సిఫారసు చేసేటోళ్లు ఎవరున్నరయ్యా ఆమెకు?’ అన్నారు. సిఫారసు ఎందుకండీ, భువనగిరి ప్యాసింజరెక్కి ఏ స్టేషన్లో దిగి అడిగినా చెప్తారు అన్నాను. ఆయన ఒప్పుకోలేదు. ఆయన జాబితాలో పదో పేరు వేరే ఉందట, కారణాలతో సహా రాసుకొస్తానన్నారు.